మూడొందల పద్దెనిమిదో నంబరు దీపం

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు!

రోహిణి కార్తె అమావాస్య. రోళ్లు పగిలే ఎండ అంటారు గానీ, ఆ రోజు రోళ్లూ రోకళ్లే కాదు, వాటిని చూసిన కళ్లు కూడా పగిలేలా ఉంది. నిప్పులు చెరిగే నభోమండలం కింద బొగ్గులకుంట అడవి ఊపిరి బిగబట్టింది. ఆకు కదలదు... పిట్ట పలకదు... మనిషి నీడ సైతం జడిసి మనిషి కాళ్ల కిందికే దూరిపోయే ఆ ఘడియలో, పాడుబడ్డ క్వార్టరు చూరులోంచి గుడ్లగూబ కూసింది!

గూబ గుయ్యిమనేలా కూసింది!

రాత్రిదాకా ఆగలేని కీడేదో బయలుదేరితే తప్ప పట్టపగలు గుడ్లగూబ కూయదు!

ఖమ్మం నుంచి ఇల్లందు దాటి భద్రాచలం అడవుల్లోకి పోయే దారిలో ఉంది బొగ్గులకుంట. ఒకప్పుడు అక్కడ బొగ్గు బాయి ఉండేది. భూమి కడుపులోకి దిగే గనిని ఆ ప్రాంతంలో బాయి అనే అంటారు. బొగ్గు అయిపోయింది. బాయి మూతపడింది. మనుషులు వెళ్లిపోయారు. నలభై క్వార్టర్లు మాత్రం మిగిలాయి... వాటి కింద నేలంతా డొల్ల! తవ్వి వదిలేసిన సొరంగాల మీద గుడ్డు పెంకులా నిలబడ్డ నేల. గచ్చుల నిండా చెయ్యి దూరేంత పగుళ్లు. పశువులనైనా అటు తోలేవారు లేరు.

ఆ వరసలో చిట్టచివరి క్వార్టరు. లోపల పసుపు, కుంకుమ, బూడిదతో గీసిన భయంకర మండలం. నాలుగు మూలలా నెత్తుటి నిమ్మకాయలు. నడుమ ఎర్రగుడ్డ మీద... ఒక పుర్రె! పుర్రెకు ఎడమవైపు ఒక పురాతన మాండొలిన్. కుడివైపు జుట్టు విరబోసుకుని, కదలలేక, కేక వేయలేక, గాజుకళ్లతో కూర్చున్న ఇరవై నాలుగేళ్ల పిల్ల... దీవెన!

ఆ పుర్రె ఆమె తాతది!

వాటి ముందు నల్లపంచె కట్టి, ఒళ్లంతా బూడిద పూసుకుని, వేలికి రాగి ఉంగరంతో, కణకణలాడే కళ్లతో మంత్రం చదువుతున్నవాడు ప్రేమ్‌సాగర్. పెళ్ళిళ్లలో పాటకచ్చేరీలు పెట్టే 'ప్రేమ్‌సాగర్ మ్యూజికల్ నైట్స్' యజమాని. పుర్రెకో బుద్ధి అంటారు పెద్దలు. ఇతగాడికి ఉన్న బుద్ధి చాలక ఇంకొకరి పుర్రె తవ్వుకొచ్చాడు!

ఆ పుర్రెలో ఒకప్పుడున్న బుద్ధి సామాన్యమైనది కాదు. జోజి మాస్టరు బతికున్న రోజుల్లో పగలు బాయి దగ్గర ల్యాంప్ రూంలో కూర్చుని, కిందికి దిగే కార్మికులకు తల దీపాలు అందించేవాడు. సాయంత్రం మాండొలిన్ పట్టుకుని, పైనున్న వాళ్లందరి గుండెల్లో దీపాలు వెలిగించేవాడు. ఆ మాండొలిన్ ఏ కాలంలోనో ఇటలీ నుంచి ఒక చర్చి ఫాదర్ వెంట ఓడెక్కి వచ్చింది. పుచ్చకాయను నిలువునా కోసినట్టు గుండ్రటి పొట్ట... ఇరవై ఏడు సన్నని చెక్క పట్టీలు అతుకు తెలియకుండా కలిసిన పొట్ట! నాదరంధ్రం చుట్టూ ముత్యపుచిప్ప పూలు. నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. మెట్లు అన్ని మాండొలిన్ల మీదా ఉంటాయి. ఆ మెట్లెక్కి మేఘాల్లోకి పోగలిగినవాడు మాత్రం ఆ చుట్టుపక్కల ఒక్క జోజి మాస్టరే!

ఆయన వాయిస్తే ప్రతి స్వరం చివరా సన్నటి గణగణ ఒకటి వినిపించేది. ఎవరో దూరంగా నవ్వి, అంతలోనే ఆపేసినట్టు... అది తీగదీ కాదు, వేలుదీ కాదు! ఎక్కణ్నుంచి వచ్చేదో ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ అంతుపట్టేది కాదు.

పన్నెండేళ్ల వయసులో చర్చి గడప దగ్గర నిలబడి ఆ గణగణ విన్నాడు ప్రేమ్‌సాగర్. ఆ పూట అన్నం మానేశాడు. మర్నాటి నుంచి బడి మానేశాడు. ముప్పై ఏళ్లపాటు మాస్టరు పెట్టె మోశాడు, ఖమ్మం నుంచి తీగలు తెచ్చాడు, ప్రతి పాట చివరా అందరికంటే ముందు "వాహ్ సార్!" అని కేకవేశాడు. మాస్టరు చెయ్యి చాపి ఏమిచ్చినా... చాయ్ గ్లాసైనా, సగం అరటిపండైనా... రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ అభిమానంలో ఆవగింజంత కల్తీ లేదు!

కానీ ఆ నాదం మాత్రం అతడి వేళ్లకు రాలేదు. మూడు మాండొలిన్లు కొన్నాడు. మాస్టరు వేలు పెట్టిన చోటే వేలు పెట్టాడు, మీటిన చోటే మీటాడు. గణగణ లేదు... ఉన్నది గొణగొణే! పోనీ, మాస్టరు పోయేముందు ఆ మాండొలిన్ తనకే ఇస్తాడనుకున్నాడు. మాస్టరు దాన్ని మనవరాలి ఒళ్లో పెట్టి కన్నుమూశాడు. అంతే! ముప్పై ఏళ్ల పాలు ఒక్క రోజులో విరిగాయి. కళాభిమాని కాస్తా కళేబరాభిమాని అయ్యాడు. శ్రుతి మించింది... రాగాన పడింది!

మూడేళ్లు శ్మశానాల వెంట తిరిగి, పురుగులు తిన్న తాళపత్రాలు తిరగేసి, 'కళాకర్షిణి' అనే ఘోరవిద్యను సాధించాడు. మృతుడి కపాలం, మృతుడి వాద్యం, మృతుడి రక్తం పంచుకున్న వారసురాలు... ఈ మూడూ ఒకచోట చేరిస్తే, సూర్యుడు నడినెత్తి దాటేలోగా ఆ కళాత్మను వారసురాలి దేహంలోకి దింపవచ్చు. ఆమె పది వేళ్ల గుండా పది బొట్లుగా తన వేళ్లలోకి పిండుకోవచ్చు. ఆ తరువాత ఆమె వేళ్లు...?

బొగ్గవుతాయి!

అప్పటికే దీవెన గోళ్లు నల్లబడుతున్నాయి.

"కాకా... సాగర్ కాకా..." ఆమె పెదవులు అతి కష్టం మీద కదిలాయి. "వేళ్లు మండుతున్నయ్ కాకా. తాత పాట క్యాసెట్ దొరికింది, మాండొలిన్ పట్టుకొని రమ్మంటివి గద..."

"క్యాసెట్టే బిడ్డా! నువ్వే క్యాసెట్టు!" వికటంగా నవ్వాడు ప్రేమ్‌సాగర్. "మీ తాత నీ లోపల తిరుగుతడు. నేను ఎక్కిచ్చుకుంట. గంతే!"

"ఆదివారం చర్చిల వాయించాలె కాకా... నా చేతులు..."

"నీ చేతులు ఇగ చేతులు గావు తల్లీ. నావి!"

* * *

అదే సమయంలో అడవిదారిలో ఒక ఆటో ఎగిరెగిరి పడుతోంది. వెనక సీట్లో జపమాల బిగించి పట్టుకుని కూర్చుంది జోజి మాస్టరు భార్య విశ్రాంతమ్మ. పొద్దున సమాధి మీద పూలు పెట్టబోతే మన్ను తవ్వి ఉంది, శిలువ పక్కకు ఒరిగి ఉంది. పరుగున ఇంటికి వస్తే మనవరాలు లేదు, మాండొలిన్ లేదు. సాగర్ కాక ఫోన్ చేసి పాత క్వార్టర్ల కాడికి రమ్మంటే పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు.

"జల్దీ పో దస్రూ!"

"పోతున్ననే అవ్వా! ఇది ఆటో, ఆరోప్లేన్ గాదు," అన్నాడు డ్రైవరు దస్రు. "పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. జీపు భద్రాచలం బందోబస్తుకు పోయిందట. రెండయితదన్నరు. పొద్దు నడినెత్తి దాటితే నా బిడ్డ చేతులు మిగలయిరా... వాడు చేతుల కళ గుంజే మంత్రాలు నేర్సిండని ఊరంతా గుసగుసలే. నేనే నమ్మలే. నా చేతి అన్నం తిన్నోడు గద అనుకున్న." ఆమె జపమాల పూసలు గబగబా తిప్పింది. అంతలోనే తనకు తనే ధైర్యం చెప్పుకుంది. "అయినా మాండొలిన్ల బిళ్ల ఉన్నది. అది లోపల ఉన్నంతసేపు ఏ మంత్రం పారది."

"ఏం బిళ్లనే? దవాఖానా బిళ్లనా?"

"నీ మొకం! నంబరు బిళ్ల. ఇత్తడిది. బాయిల దిగేటోడు ల్యాంప్ రూంల తన బిళ్ల ఇచ్చి దీపం తీస్కపోతడు. పైకొచ్చి దీపం ఇస్తే బిళ్ల వాపస్. షిఫ్టు దిగినంక ఎవని బిళ్ల బోర్డు మీద ఆగితే, వాడు ఇంకా కిందనే ఉన్నట్టు. గప్పుడు పోయి దేవులాడుతరు."

"అవ్, మా మామ చెప్తుండె."

"మాస్టరు దోస్తు మంగయ్యది మూడొందల పద్దెనిమిది. ఈన మాండొలిన్ వాయిస్తుంటే ఆయన బాయి టోపీ మీద తాళం ఏసేటోడు. నలభై ఏండ్ల కింద కప్పు కూలి బాయిలనే ఉండిపోయిండు. పీనిగ దొరకలే. ఏడాది చూసి, ఆ బిళ్ల తీసెయ్యమన్నరు పెద్దసార్లు. 'నేను పారేస్తే వాడు కిందున్నడని యాది పెట్టుకునేటోడు ఎవడు?' అని ఇంటికి తెచ్చి మాండొలిన్ పొట్టల ఏసిండు మీ మాస్టరు. వాయించే ముందు దినాం మూడుపార్లు తట్టేటోడు. 'మంగయ్యా, దీపం తెచ్చినవా?' అని అడిగేటోడు."

దస్రు అద్దంలోంచి వెనక్కి చూశాడు. "మంగయ్య... ఏమన్న పలికేటోడా అవ్వా?"

"పలికితే నేను ఆ ఇంట్ల కాపురం చేద్దునా!"

ఆటో ఒక గుంతలో పడి లేచింది. దస్రు హ్యాండిల్ సర్దుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి అడిగాడు.

"మరి... వాడు ఆ బిళ్ల బయటికి తీస్తే?"

విశ్రాంతమ్మ ముఖం పాలిపోయింది.

"తీస్తే బిళ్ల వాపస్ ఇచ్చినట్టే గద. మరి అవతలోడు దీపం వాపస్ తేవద్దా...?"

* * *

"ఓం హ్రీం కళాకర్షిణీ! కపాలవాసినీ! ఆకర్షయ... ఆకర్షయ...!"

ఖణ్!

మంత్రం తెగింది. ప్రేమ్‌సాగర్ పళ్లు నూరి మళ్లీ మొదలుపెట్టాడు. సరిగ్గా అదే అక్షరం దగ్గర... మాండొలిన్ పొట్టలోంచి... ఖణ్! మూడోసారీ అంతే! బయట ఎండ నడినెత్తికి వచ్చేసింది. ఇంకొన్ని నిమిషాలు దాటితే మూడేళ్ల ఘోరసాధన బూడిదపాలు!

"లోపల ఏందో లోహం ఉన్నది! అదే అడ్డం పడుతున్నది!"

మాండొలిన్‌ను తలకిందులు చేసి ఉన్మాదిలా ఊపాడు. నాదరంధ్రంలోంచి గుండ్రటి ఇత్తడి ముక్క జారిపడింది. దానివైపు సరిగా చూడనైనా చూడలేదు. కాలితో తన్నాడు. అది గచ్చు మీద దొర్లుకుంటూ... దొర్లుకుంటూ... పగులు అంచు దాకా వెళ్లి, ఒక్క క్షణం నిలబడి... లోపలికి పడింది.

ఖణ్... ఖణ్... ఖణ్...

ఎంతసేపటికీ ఆగదే ఆ చప్పుడు! ఎన్ని అంతస్తుల చీకటి ఉందో ఆ నేల కింద! చివరికి, అతి దూరంలో... టక్.

ఎవరి అరచేతిలోనో పడ్డట్టు!

అంతే! మబ్బు తునకైనా లేని ఆకాశంలో ఫెళఫెళమని ఉరుము! గుడ్లగూబ చూరు వదిలి, ఎండకు గుడ్డిదై, గోడకు కొట్టుకుని బయటికి పడింది. పుర్రె కంటిగుంటల్లో నీలికాంతి! దీవెన దేహం విల్లులా వంగి "అమ్మా!" అని ఒక్క కేక పెట్టింది. పది వేళ్లూ మొదళ్ల దాకా నల్లబడ్డాయి. మరుక్షణం ఆమె నిటారుగా కూర్చుంది. కళ్లు తెరిచింది. ఆ కళ్లు ఆమెవి కావు! ఆ గొంతు ఆమెది కాదు!

"వచ్చినవా సాగర్," అన్నది ఆ గొంతు, నెమ్మదిగా.

ప్రేమ్‌సాగర్ మోకాళ్ల మీద ముందుకు వంగాడు. అతడి కళ్ల నుంచి బూడిద మీదుగా నీళ్లు జారాయి. ఎంతటి క్షుద్రుడైనా ముప్పై ఏళ్లు ప్రేమించిన గొంతు కదా!

"సార్... మీరేనా సార్!"

"నేనే. బిళ్ల ఎందుకు తీసినవ్?"

"అదేందో... రేకు ముక్క సార్. మంత్రానికి అడ్డం పడుతుంటే..."

"ముప్పై ఏండ్లు నా ఎనకాల తిరిగినవ్ సాగర్. నా వేళ్లే చూసినవ్. ఆ గణగణ ఏందని ఒక్కపారన్న అడిగినవా? పొట్టల ఏమున్నదని ఒక్కపారన్న తొంగి చూసినవా?"

ప్రేమ్‌సాగర్ చూపు పగులు వైపు తిరిగింది. ఏ నాదం కోసం బడి మానేశాడో, ఏ నాదం కోసం గురువు సమాధి తవ్వాడో... గురుదక్షిణ ఇవ్వాల్సిన చేతుల్తో గురువునే దక్షిణ దిక్కు నుంచి ఈడ్చుకొచ్చాడో... ఆ నాదాన్ని ఇప్పుడే కాలితో తన్నాడు!

"అదా సార్..." అన్నాడు, చిన్నపిల్లాడిలా. "అదేనా..."

ఠక్... ఠక్... ఠక్.

నేల కింద నుంచి! బాయిలో చిక్కుకున్నవాళ్లు పైవాళ్లకు వినిపించాలని ఇనుప పట్టాల మీద కొట్టినట్టు... మూడుసార్లు!

పగులులోంచి పసుపుపచ్చని వెలుగు కిరణం ఒకటి గదిలోకి లేచింది. అటూ ఇటూ ఊగుతోంది... నడుస్తున్న మనిషి తల మీద దీపం ఊగినట్టు! వెలుగు పెద్దదైంది... దగ్గరైంది... తడిబొగ్గు వాసన గదంతా నిండింది. నడినెత్తిన సూర్యుడున్నా ఆ గదిలో చీకటి చిక్కబడింది. చివరికి పగులు అంచు మీదికి ఒక చెయ్యి వచ్చింది. ఆపాదమస్తకం అంటారు గానీ, అక్కడ ఆపాదమూ లేదు, మస్తకమూ లేదు... మోచేతిదాకా నల్లని బొగ్గుపొడి చెయ్యి ఒక్కటే!

"నంబర్?" అని అడిగింది మాస్టరు గొంతు, ల్యాంప్ రూం కిటికీలోంచి అడిగినట్టే.

"మూడొందల పద్దెనిమిది." భూమి అడుగు నుంచి జవాబు.

"దీపం పెట్టు."

తోలుపట్టీ, తీగ, బ్యాటరీతో సహా పాత తల దీపాన్ని ఆ చెయ్యి గచ్చు మీద జాగ్రత్తగా పెట్టింది.

"బిళ్ల ముట్టిందా?"

"ముట్టింది జోజన్నా."

"మస్తు లేటయింది మంగయ్యా. పో... ఇగ ఇంటికి పో."

చెయ్యి మెల్లగా పొడిపొడిగా రాలిపోయింది. చల్లటి గాలి ఒకటి గదిలో సుడి తిరిగి, తలుపు తోసుకుని, నలభై ఏళ్ల తరువాత సెలవు దొరికిన మనిషిలా అడవిలోకి పరుగెత్తింది!

దీవెన దేహంలోని మాస్టరు ఆ దీపాన్ని తీసుకుని ముందుకు చాపాడు.

"ఇగో సాగర్."

ముప్పై ఏళ్ల అలవాటు! మంత్రాలు మరిచిపోయాడు, మండలం మరిచిపోయాడు. సార్ చెయ్యి చాపారు... అంతే తెలుసు. ప్రేమ్‌సాగర్ రెండు చేతులా అందుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు.

అద్దుకున్నాక చూసుకున్నాడు!

"సార్... ఇది... ఇదేంది సార్?"

"దీపం తీస్కున్నవ్ గద. షిఫ్టు నీది. మరి నీ బిళ్ల ఏది?"

"బిళ్ల... నాకు బిళ్ల లేదు సార్! సార్!"

"బిళ్ల పెట్టకుండ దిగినోన్ని ఎవరు దేవులాడరు సాగర్," అన్నది ఆ గొంతు. కోపంగా కాదు... ఎంతో దిగులుగా!

తీగ లాగితే డొంక కదులుతుందంటారు. ఇక్కడ దీపం తీగ పాములా అతడి మణికట్టుకు చుట్టుకుని లాగింది... కదిలింది డొంక కాదు, భూమి! అతడి కాళ్ల కింద గచ్చు ఫెటిల్లున చీలింది! నిమ్మకాయలు, కుంకుమ, తాళపత్రాలు అన్నీ ఆ కరాళ బిలంలోకి జారిపోయాయి. ప్రేమ్‌సాగర్ నడుం దాకా కూరుకుపోయాడు. ఖాళీగా ఉన్న చేత్తో మాండొలిన్‌ను అందుకోబోయాడు. వేళ్లు తీగల మీద జారాయి... ఎనిమిది తీగలూ ఒక్కసారిగా ఘొల్లుమన్నాయి! జీవితంలో మొదటిసారి, ఆఖరిసారి, ఆ మాండొలిన్ మీద అతడు వాయించిన స్వరం అదే!

"సా...ర్!"

దీపం వెలుగు కిందికి... కిందికి... చుక్కంత అయి... ఆరిపోయింది. దానితోపాటే పుర్రె కంటిగుంటల్లోని నీలికాంతీ!

* * *

విశ్రాంతమ్మ వచ్చేసరికి క్వార్టరు సగం లేదు. పెద్ద గుంత అంచున, మిగిలిన గోడకు ఆనుకుని దీవెన కూర్చుని ఉంది. ఒళ్లో మాండొలిన్. పక్కన ఎర్రగుడ్డ మీద పుర్రె. విశ్రాంతమ్మ ముందు మనవరాలి చేతులు పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటిగా వంచి చూసింది. పదీ కదిలాయి. నలుపంతా దిగిపోయింది... ఎడమ చిటికెనవేలు గోరు మాత్రం బొగ్గులా మిగిలింది. మరియమ్మ తల్లికి దండం పెట్టి, అప్పుడు పుర్రె వైపు తిరిగింది.

"బతికినన్నాళ్లు ఇంటిపట్టున లేకపోతివి," అంది కళ్లొత్తుకుంటూ. "సచ్చినంక గూడ తిరుగుడేనా!"

కొంగులో చుట్టుకుని తీసుకెళ్లింది. సాయంత్రానికి ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి మళ్లీ మన్ను కప్పాడు.

నాలుగు రోజులు యంత్రాలు పెట్టి వెతికారు. ప్రేమ్‌సాగర్ దొరకలేదు. ఐదో రోజు గుంత చుట్టూ ముళ్లతీగ కట్టి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరబోతూ దీవెన మాండొలిన్ తీసింది. బిళ్ల లేదు కదా, ఇక వట్టి తీగల చప్పుడే అనుకుంటూ ఒళ్లోకి ఒంచుకుంది.

లోపల గణగణమంది!

విశ్రాంతమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. దీవెన మెల్లగా ఊపి అరచేతిలోకి దించింది. బిళ్ల కాదు... ఉంగరం. రాగి ఉంగరం. దాని మీద 'ప్రే' అని అక్షరం. ఆఖరి క్షణంలో తీగల మీద జారిన వేలి నుంచి ఊడి పొట్టలో పడ్డట్టుంది.

"అవతల పారెయ్యే దాన్ని! వాగుల పారెయ్!" అని అరిచింది విశ్రాంతమ్మ. "నీ చేతులు కాల్సినోడే వాడు!"

దీవెన చాలాసేపు నల్లగోరు వంక చూసుకుంది. తరువాత ఉంగరాన్ని మళ్లీ మాండొలిన్ పొట్టలో వేసింది.

"వద్దు నానమ్మా. బిళ్ల లేనోన్ని దేవులాడేటోడు ఉండడు. కింద ఒకడున్నడని ఎవరో ఒకరు యాది పెట్టుకోవాలె గద. తాత అయినా గిట్లనే చేసేటోడు."

చర్చిలో పాటకు ముందు ఆమె మాండొలిన్ పొట్ట మీద మూడుసార్లు తట్టింది. ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగింది.

"సాగర్ కాకా... దీపం తెచ్చినవా?"

వాయించింది. ప్రతి స్వరం చివరా సన్నటి గణగణ... మాస్టరు వాయించినప్పటిలాగే! విన్నవాళ్ల కళ్లు చెమర్చాయి. పాట ముగిసింది. చర్చి అంతా నిశ్శబ్దం.

అప్పుడు... గచ్చు కింద నుంచి... ఎక్కడో అడుగు నుంచి... బొగ్గు నిండిన గొంతు ఒకటి, అందరికంటే ముందు...

"వాహ్... సార్!"